ఐదో రాజ్యానికి ఎదురుచూసిన బాలస్వామి

కర్నూలు పాత బస్టాండు వెనక సందులో జెస్సీ నడిపే టైపింగు షాపులో ఆమె తండ్రి బాలస్వామి పని చదవడం. కూతురు తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా టకటకా కొడుతూ ఉంటే, ఆయన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతిరాత కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతాడు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. చదువు ఏడో తరగతి దగ్గరే ఆగిపోయింది గాని, కోయిలకుంట్ల పక్క పల్లెలో ఇరవై ఏళ్ళపాటు ప్రతి ఆదివారం క్రైస్తవుల గుడిలో బైబిలు వాక్యం చదివిన గొంతు ఆయనది. అద్దె ఒప్పందమైనా, కాలేజీ పిల్లల ప్రాజెక్టయినా అదే గొంతుతో చదువుతాడు. పక్కనున్న జిరాక్సు షాపు వాళ్ళు ఇల్లు ఖాళీ చేయాల్సిన షరతులు విని సరదాకి "ఆమెన్" అనేవాళ్ళు.

ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం మాత్రం ఆయన గొంతు వాక్యం మధ్యలో ఆగిపోయింది.

చదువుతున్నది స్వర్ణలత మేడం పిహెచ్‌డి రాతప్రతి. ఆమె డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్తారు. బద్వేలు వైపు రైతు కుటుంబం. ఇంటి పనులూ బదిలీలూ దాటుకుని యాభై రెండేళ్ళకు ఆ పరిశోధన ముగింపుకు తెచ్చారు. సుమారు మూడు వందల డెబ్బై ఏళ్ళ కిందట, ఇంగ్లండులో ప్రజలు తమ రాజు తలనే నరికిన కాలంలో, రాజ్యమంటే ఏమిటి, మనిషి ప్రభుత్వానికి ఎందుకు లోబడాలి అని తత్త్వవేత్తలు పుస్తకాలు రాశారు. లోకాంతం గురించిన నమ్మకాలు ఆ రాతల్లో ఎట్లా పనిచేశాయన్నది ఆమె విషయం. మొదటి రెండు అధ్యాయాలూ బాలస్వామికి పెద్దగా ఎక్కలేదు. పేర్లు నోరు తిరగక, ఒక్కో అక్షరం విడగొట్టి చదివాడు. గొంతు ఆగింది మూడో అధ్యాయం రెండో పేజీ దగ్గర.

"వీరిలో ఎక్కువమంది దర్జీలు, కామా, నేతగాళ్ళు, కామా, చెప్పులు కుట్టేవాళ్ళు, కామా, సైన్యం వదిలి వచ్చిన సిపాయిలు, ఫుల్‌స్టాపు. బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి నడుము, ఇనుప కాళ్ళ బొమ్మ ఒక రాజుకు కలలో కనబడిన బైబిలు కథను వీరు తమ కాలానికి అన్వయించుకున్నారు, ఫుల్‌స్టాపు. నాలుగు రాజ్యాలు గడిచిపోయాయనీ, కామా, క్రీస్తు స్వయంగా ఏలే ఐదో రాజ్యం తమ కళ్ళ ముందే వస్తుందనీ, కామా, అందులో దొర, బంటు ఉండరనీ..."

అక్కడ ఆగిపోయాడు.

జెస్సీ వేళ్ళు గాలిలోనే నిలబడ్డాయి. "ఊఁ, ఉండరనీ?"

తిరిగి చూస్తే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు.

"ఏమైంది నాయనా? కండ్లు తిరుగుతాండాయా?"

"పాపా, ఈళ్ళు ఎవురు?"

"ఎవురు?"

"ఈ దర్జీలు. ఈ నేతగాళ్ళు. నిజంగా ఉన్నోళ్ళేనా, మేడం కల్పించి రాసిందా?"

"పిహెచ్‌డిలో కల్పించి ఎందుకు రాస్తారు? కింద చూడు, యాడ నుంచి తీసుకున్నదీ నంబర్లేసి ఉండాది."

బాలస్వామి పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టి కదిపాడు. ఆ ఇంగ్లీషు ఆయనకు రాదు. వేలు మాత్రం అక్కడే ఉంది. ఆయన ముఖంలోకి రక్తం పొంగి రావడం జెస్సీ చూసింది. తండ్రిని అట్లా చూసి చాలా ఏళ్ళయింది.

"నేనొక్కణ్ణే అనుకుంటి గదా పాపా," అన్నాడు. "ఇన్నేండ్లూ నేనొక్కణ్ణే పిచ్చోణ్ణి అనుకుంటి."

జెస్సీకి ఆ మాట అర్థమైంది, సగం. ఊళ్ళో ఆయన్ను వెయ్యేండ్ల బాలసామి అనేవాళ్ళు. బడిలో తనను వెయ్యేండ్లోళ్ళ పాప అని ఏడిపించేవాళ్ళు. అప్పుడు తనకు ఎనిమిదేళ్ళు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో ఆ ఊసు వస్తే నాన్న లేచి బయటికి పోయేవాడు.

ఆ రోజు బయటికి పోలేదు. షాపు షట్టరు సగం దించి, కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదటిసారి చెప్పాడు.

1999వ సంవత్సరం, వానలు వెనకబట్టే కాలం. ఎక్కడి నుంచో ఒక బోధకుడు ఊరికి వచ్చాడు. గుడి గోడకు పెద్ద గుడ్డ కట్టి, దాని మీద వేసిన బొమ్మను బెత్తంతో చూపిస్తూ మూడు రోజులు చెప్పాడు. తల అయిపోయింది, రొమ్ము అయిపోయింది, నడుము అయిపోయింది, ఇప్పుడు మనం కాలి వేళ్ళ దగ్గర ఉన్నాం అన్నాడు. రెండువేల సంవత్సరం పుట్టే రోజున పరలోకం నుంచి రాయి వచ్చి ఆ కాళ్ళ మీద పడుతుంది, ఆ తర్వాత వెయ్యేండ్లు యేసే రాజు. పట్నాల్లో కంప్యూటర్లు ఆ రోజే ఆగిపోతాయని పేపర్లలో కూడా రాస్తున్నారని చెప్పాడు. బోధకుడు మర్నాడే వేరే ఊరికి వెళ్ళిపోయాడు. ఊళ్ళో చాలామంది విన్నారు, తలలూపారు, పనులకు పోయారు. బాలస్వామి మాత్రం నమ్మాడు.

"ఎంత నమ్మినానంటే పాపా, ఆ ఏడు చేను విత్తలేదు. మంది చేలల్లో శనగ మొలకెత్తుతాంటే మన మడి దిక్కు నేను తొంగి గూడా చూడలేదు. గోడలకు సున్నం కొట్టినా. పాటలు పాడుకుంటా తిరిగినా. ఇంకోటి గూడా చేసినా." ఆయన గొంతు తగ్గించలేదు, పెంచాడు. "ఓబుళేశు అరుగు మీద కూర్చున్నా."

ఓబుళేశు ఊళ్ళో పెద్ద రైతు. బాలస్వామి ఆయన దగ్గర పదకొండేళ్ళుగా జీతగాడు. ఏడాదికి ఇంతని మాట్లాడుకుని పగలూ రాత్రీ ఆ ఇంటి పశువులకూ పొలానికీ కట్టుబడి ఉండటం. ఆ వాకిట్లోకి పోయేటప్పుడు చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. అరుగు మీద కూర్చోవడమన్నది ఆయన తాత కూడా ఎరగడు.

"పొద్దున్నే పోయినా. ఓబుళేశు అరుగు మీద కూర్చుని పేపరు చూస్తాండాడు. నేను పోయి పక్కన కూర్చున్నా. ఏమిరా బాలసామీ, తాగినావా అన్నాడు. లేదయ్యా, ఇంక రెండు నెలల్లో రాజు మారతాడు, మీరూ నేనూ ఒగటే అయితాం, ఇప్పటినుంచే అలవాటు చేసుకుందామని కూర్చున్నా అన్నా."

జెస్సీకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "కొట్టినాడా?"

"కొట్టలేదు. నా మొగం దిక్కు చూసి బిత్తరపోయినాడు. లేచి లోపలికి పోయినాడు. ఆ రెండు నెలలూ ఆ వాకిలి దాటేటప్పుడు చెప్పులు విప్పలేదు పాపా."

నాలుగు రోజులకు స్వర్ణలత మేడం ప్రూఫులు చూడటానికి వచ్చేసరికి బాలస్వామి నాలుగో అధ్యాయం కూడా సొంతంగా చదివేసి కాచుకుని ఉన్నాడు. అందులో ఆ కాలపు పెద్ద తత్త్వవేత్త వాదన ఉంది. దేవుని రాజ్యం నిజంగానే వస్తుంది, ఈ భూమి మీదే వస్తుంది అని ఆ తత్త్వవేత్త ఒప్పుకున్నాడు. కాని క్రీస్తు తిరిగి వచ్చేదాకా అది లేదు. లేని రాజ్యం పేరు చెప్పి ఎవరూ ఇప్పటి ప్రభుత్వాన్ని ధిక్కరించకూడదు. మనుషులు ఒకరంటే ఒకరికి ఉన్న భయంతోనే రాజ్యాన్ని కట్టుకున్నారు. ఆ భయమే శాంతికి కాపలా.

"మేడం, ఒగటి అడగల్ల," అన్నాడు బాలస్వామి, ఆమె కుర్చీలో సర్దుకోకముందే.

"అడగండి బాలస్వామిగారూ."

"ఈయప్ప శానా తెలివిగలోడు. ఆ దినం రాదు అనలేదు. వస్తాది అన్నాడు. తలుపు తీసే పెట్టినాడు గాని, ఆ తలుపు దగ్గరికి ఎవురూ పోకుండా చేసినాడు. అవునా?"

స్వర్ణలత కళ్ళజోడు తీసింది. ఆరేళ్ళుగా తాను ఇరవై పేజీల్లో చెప్పడానికి తంటాలు పడిన సంగతి అది. "అవును," అంది.

"అదంతా బాగుండాది. కాని మీరు ఒగటి తప్పు రాసినారు."

జెస్సీ గతుక్కుమంది. "నాయనా!"

"ఉండు జెస్సీ, చెప్పనీ. ఎక్కడ తప్పు?"

బాలస్వామి మూడో అధ్యాయం చివరి పేజీ తీసి, పాత అలవాటున నిలబడి చదివాడు. "లోకాంతం గురించిన విశ్వాసానికి మూలం భయం, ఫుల్‌స్టాపు. భయపడిన పేదలు ప్రవక్తల వెంట పడ్డారు, కామా, ఆ భయాన్నే తత్త్వవేత్త రాజ్యం వైపు మళ్ళించాడు, ఫుల్‌స్టాపు." కాగితం దించాడు. "భయం గాదు మేడం. సంబరం."

"సంబరమా?"

"నేను ఉంటి గదా ఆడ. ఇంగ్లండులో గాదులే, మా ఊళ్ళో. రెండు నెలలు నాకు నిద్ర పట్టలేదు, భయంతో గాదు. కొత్త గుడ్డలు కుట్టిచ్చుకున్న పిల్లోని మాదిరి ఉంటి. ఇంగ అంతా మారిపోతాది అని తెలిసినోడికి ఏం భయం? అంతకు ముందు భయం. ఓబుళేశు అంటే భయం, ఆయన గుర్రుమంటే భయం. ఆ దినం వస్తాది అని తెలిసినాంక ఆ భయమంతా పోయింది."

"అంటే..." స్వర్ణలత సగం లేచింది.

"ఈ తత్త్వం చెప్పినాయనకి బాధ అదే మేడం! ఆయన రాజ్యం కట్టింది భయం మీద. భయం పోగొట్టుకున్న దర్జీ ఒగడు వచ్చి రాజు పక్కన అరుగు మీద కూర్చుంటే ఆ రాజ్యం నిలబడతాదా? అందుకే ఆ దినాన్ని అంత దూరం నెట్టినాడు. ఆయప్పకి భయస్తులతో పని జరుగుతాది. సంబరపడేటోళ్ళతోనే కష్టం."

స్వర్ణలత బల్ల మీద అరచేత్తో గట్టిగా ఒక్కటి కొట్టింది. పక్క షాపు వాళ్ళు తొంగి చూశారు.

"జెస్సీ, మూడో అధ్యాయం టైపు చేయొద్దు! ఆపెయ్!"

"అయిపోయింది మేడం."

"అయిపోయినా సరే, తీసేయ్! బాలస్వామిగారూ, అరుగు ఏమిటి? ఎవరి అరుగు? మొదటి నుంచీ చెప్పండి. నేను ఫోనులో రికార్డు చేసుకోవచ్చా?"

"చేసుకో తల్లీ, చేసుకో," అన్నాడు ఆయన. తల్లీ అన్నందుకు తర్వాత నాలుక కరుచుకున్నాడు గాని ఆమె గమనించనే లేదు.

ఆ తర్వాత ఐదు వారాలు ఆ షాపు షాపులా లేదు. స్వర్ణలత రోజు విడిచి రోజు కాలేజీ నుంచి నేరుగా వచ్చేది. ఆ ఐదో రాజ్యం మనుషులు స్వయంగా రాసుకున్న విన్నపాలూ, ఉత్తరాలూ, పాత కరపత్రాలూ ఇంటర్నెట్‌లో దొరికినవన్నీ మళ్ళీ మొదటి నుంచి చదువుతోంది. ఇదివరకు దాటేసిన చోట్ల ఇప్పుడు కళ్ళు ఆగుతున్నాయి. "బాలస్వామిగారూ, వినండి!" అంటూ గుమ్మంలోంచే మొదలుపెట్టేది. ఓడల వడ్రంగి కూతురొకామె పన్నెండు రోజులు మంచం మీదే ఉండి, రాబోయే రాజ్యం గురించి పాటలు పాడుతూనే ఉందట. పీపాలు చేసే పనివాడొకడు యాభైమందిని వెంటేసుకుని, యేసే రాజు అని కేకలేస్తూ లండను వీధుల్లో ప్రభుత్వ సైన్యాన్ని ఎదిరించాడట.

"యాభైమందే?" బాలస్వామి నోరు తెరిచాడు.

"యాభైమందే. జనవరి నెలలో."

"గెలిచినారా?"

"లేదు. కొందరు వీధుల్లోనే చచ్చిపోయారు. నాయకుణ్ణీ మరికొందరినీ చంపించారు."

"నేను ఎవురినీ కొట్టలేదు మేడం. ఊరికే కూర్చున్నా, అంతే," అన్నాడు బాలస్వామి. తనను తాను సమర్థించుకుంటున్నాడో, తక్కువ చేసుకుంటున్నాడో జెస్సీకి తెలియలేదు. "ఆ తేడా కూడా రాస్తాను," అంది స్వర్ణలత. రాసింది.

కొత్త మూడో అధ్యాయాన్ని ఆయనే చదివి టైపు చేయించాడు. నూట ముప్పై రెండో పేజీ అడుగున తన పేరూ ఊరి పేరూ వచ్చినప్పుడు గొంతు తడబడకుండా చదివాడు. ఆ తర్వాత మాత్రం నీళ్ళు తాగాలని లేచాడు.

ఆరు నెలల తర్వాత వైవా, అంటే మౌఖిక పరీక్ష, కడపలో, విశ్వవిద్యాలయంలో. ఎవరైనా వచ్చి వినవచ్చని స్వర్ణలత తండ్రీకూతుళ్ళిద్దరినీ పిలిచింది. భార్య విశ్వాసమ్మకు మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కలేనని ఇంట్లోనే ఉంది. బాలస్వామి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని బయల్దేరాడు. మైదుకూరు వచ్చేసరికి ఆపుకోలేక, "వాళ్ళు ఒప్పుకోకపోతే?" అని మూడుసార్లు అడిగాడు.

గదిలో ఇరవైమంది ఉంటారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు జయకుమార్ అనే ప్రొఫెసరు. సన్నటి మనిషి, గొంతు మెత్తన, ప్రశ్నలు మాత్రం కత్తులు. ఆయన మొదటి గంటంతా ఓపిగ్గా విని, నూట ముప్పై రెండో పేజీ తీశాడు.

"మీ సిద్ధాంతానికి ఆయువుపట్టు ఈ అధ్యాయమే. దాన్ని ఒక పల్లెటూరి మనిషి మాట మీద నిలబెట్టారు. పదిహేడో శతాబ్దపు లండనుకూ 1999 నాటి కోయిలకుంట్లకూ ఏమిటమ్మా సంబంధం?"

బాలస్వామి జెస్సీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

స్వర్ణలత తొణకలేదు. "సంబంధం ఉందని నేను అనలేదు సార్. సాక్ష్యం ఆయన మాట కాదు. ఆయన నాకు ఒక ప్రశ్న ఇచ్చారు. ఆ ప్రశ్న పట్టుకుని పాత కాగితాల్లోకి మళ్ళీ వెళితే, అక్కడ భయం కంటే సంతోషమే ఎక్కువ కనబడింది. సాక్ష్యం ఆ కాగితాలే. పేజీలు కింద ఇచ్చాను. ప్రశ్న ఎవరిదో కూడా ఇవ్వకపోతే దొంగతనం అవుతుంది."

జయకుమార్ ముఖంలో మొదటిసారి చిరునవ్వు కనబడింది. "ఆయన బతికే ఉన్నారా?"

"వెనక వరసలో కూర్చున్నారు సార్."

అందరూ వెనక్కి తిరిగారు. బాలస్వామి లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకోబోయి, మానేశాడు.

"పెద్దాయనా, నాదొక ప్రశ్న," అన్నాడు జయకుమార్. "ఇష్టం లేకపోతే చెప్పొద్దు. జనవరి ఒకటి తెల్లారింది. రాజు రాలేదు. అప్పుడేమైంది?"

పాతికేళ్ళుగా ఎవరూ అట్లా అడగలేదు. నవ్వినవాళ్ళు ఉన్నారు గాని, అడిగినవాళ్ళు లేరు.

"తెల్లారింది సార్," అన్నాడు బాలస్వామి. గుడిలో చదివినట్టు గొంతు గదంతా నిండింది. "కోడి కూసింది. గొడ్లు అరిచినాయి. శానా సిగ్గయింది. నెల దినాలు నేను మంది మొగం చూడలేదు. ఒగ పొద్దు మా ఆడమనిషి విశ్వాసమ్మ వచ్చి, లెయ్యి, శనగ పీకల్ల అనింది. ఏం శనగ, నేను విత్తలేదు గదా అన్నా. నేను విత్తినా అనింది. నేను పాటలు పాడుకుంటా తిరుగుతాంటే, ఆమె తమ్ముని పిలిపిచ్చుకొని చేను విత్తింది సార్! నాకు చెప్పలేదు. నీకు నమ్మకం లేదా అని అడిగినా. ఉండాది, వచ్చినాయనకి కూడు పెట్టల్ల గదా అనింది."

గది గదంతా నవ్వింది. జయకుమార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వు తగ్గాక బాలస్వామి ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఇంకోటి సార్. శనగ పీకినాంక ఓబుళేశు మనిషిని పంపినాడు, జీతానికి రమ్మని. పోయినా. వాకిట్లో చెప్పులు విప్పుదామని వంగబోయినా. మనసు వంగమనింది, నడుము వంగలేదు. అట్లనే నిలబడి, అయ్యా, దినం కూలికి వస్తా గాని జీతానికి రాను అన్నా. రెండేండ్లకు ఊరిడిచి కర్నూలు వచ్చినాం. ఈ పాప చదువుకునింది." జెస్సీ వైపు చూపించాడు. "రాజ్యం రాలేదు సార్. అది అబద్ధమే. కాని దానికోసం నిలబడితి గదా, ఆ నిలబడింది అబద్ధం గాదు."

జయకుమార్ తన ముందున్న ఫైలు మూసి, స్వర్ణలత వైపు తిరిగి, "నాకు ఇంకేమీ ప్రశ్నలు లేవమ్మా," అన్నాడు. పావుగంట తర్వాత డిగ్రీకి సిఫారసు చేస్తున్నట్టు ప్రకటించారు. చప్పట్లలో బాలస్వామి చప్పట్లే గట్టిగా వినబడ్డాయి. స్వర్ణలత అందరినీ దాటుకుని వెనక వరసకు వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర జయకుమార్ తన పళ్ళెం తెచ్చుకుని బాలస్వామి పక్కనే కూర్చున్నాడు. ఏవేవో అడిగాడు. చివరికి బాలస్వామి, "సార్, ఇప్పుడు నేను అడగచ్చా?" అన్నాడు.

"అడగండి."

"లండన్లో యాభైమంది లేసినారు గదా. పీపాలాయప్పను చంపిచ్చినారు. మిగిలినోళ్ళు చెదిరిపోయినారు. వాళ్ళ పెండ్లాం బిడ్డలు ఏమైనారు సార్? ఆ ఏడు వాళ్ళు ఏం తిన్నారు?"

జయకుమార్ స్వర్ణలత వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాకు తెలియదు పెద్దాయనా. నేను చదివినంతలో ఎక్కడా కనబడలేదు."

"కనబడకపోతే ఎట్ల సార్?" బాలస్వామి గొంతులో మళ్ళీ ఆ పొంగు వచ్చింది. "వెతకల్ల గదా. ఎవురో ఒగరు విత్తింటారు."

స్వర్ణలత అప్పటికే సంచిలోంచి నోటుపుస్తకం తీసి రాసుకుంటోంది.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు జెస్సీ ఫోను కలిపి తండ్రి చేతికిచ్చింది.

"పాసైనారు విశ్వాసమ్మా!" అని అరిచాడు ఆయన, బస్టాండంతా వినబడేటట్టు. "నన్ను గూడా లేపి అడిగినారు. నీ పేరు గూడా చెప్పినా."

"నా పేరు యాల?"

"శనగ విత్తినావు గదా, అది చెప్పినా. అందరూ నవ్వినారు."

"ఎన్ని ఎకరాలని చెప్పినావు?"

"ఎన్నని చెప్పలేదే."

"రెండున్నర," అంది విశ్వాసమ్మ. "మా తమ్ముడు ఎద్దులు తోలినాడంతే, రెండున్నరా నేనే విత్తినా. ఆ మేడంకి చెప్పు, రాసేటప్పుడు సరిగ్గా రాయమను."